పాడి పశువులకు టీబీ పరీక్ష: చట్టం ఏం చెబుతోంది, కొనే ముందు రైతు ఏం చేయాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల రైతు వేదికల్లో పాడి గురించి మాట మొదలైతే ఈ ప్రశ్న తరచుగా వస్తుంది. "సార్, మా బర్రెలకు టీబీ పరీక్ష చేయించాలని చట్టం ఉందా? చేయించకపోతే జరిమానా వేస్తారా?" దీనికి జవాబు రెండు ముక్కల్లో ఉంది. ఇంట్లో పెంచుకునే ఆవుకో బర్రెకో ఏటా టీబీ పరీక్ష చేయించి తీరాలన్న నిబంధన మనకు లేదు. కానీ పశువుకు ఆ జబ్బు ఉందని అనుమానం వచ్చిన రోజు నుంచి చట్టం మీ మీద కొన్ని బాధ్యతలు పెడుతుంది. ఈ రెండో ముక్క చాలామంది రైతులకు తెలియదు.

ముందే ఒక మాట చెప్పాలి. నేను వ్యవసాయ విస్తరణాధికారిని, పశువైద్యుణ్ణి కాను. పరీక్ష చేయాల్సింది, జబ్బు ఉందో లేదో తేల్చాల్సింది మీ మండల పశువైద్యాధికారి. పంటతో పాటు కొట్టంలో రెండు బర్రెలు ఉన్న రైతులతోనే నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి, వాళ్లు ఎక్కడ మోసపోతున్నారో, ఎక్కడ తెలియక తప్పు చేస్తున్నారో చూశాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

ఒక తండాలో జరిగింది

కొన్నేళ్ల కిందట మహబూబాబాద్ వైపు ఒక తండా రైతు మహిళా సంఘం అప్పుతో అంగడిలో పాలిచ్చే బర్రెను కొన్నాడు. కొన్నప్పుడు పూటకు నాలుగు లీటర్లు ఇచ్చింది. రెండు నెలలు గడిచేసరికి మేత తింటున్నా చిక్కిపోవడం మొదలైంది. తెల్లవారుజామున, నీళ్లు తాగాక, కొంచెం దూరం నడిపించాక పొడి దగ్గు. పురుగుల మందు పోశాడు, టానిక్కులు పట్టించాడు. చివరికి పశువైద్యాధికారి వచ్చి మెడ మీద సూది పరీక్ష చేశారు. మూడో రోజుకు సూది వేసిన చోట ఉబ్బింది. టీబీ.

ఆ సాయంత్రం అతను నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "సారూ, బేరగాడు వచ్చే అంగడికి తోలుకురమ్మంటున్నడు. నాకు ఎట్ల అంటగట్టిండ్రో నేనూ అట్లనే అమ్ముకుంటే తప్పా?" అప్పు మిగిలే ఉంది. అతని ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. కానీ తప్పే. చట్టం ప్రకారం కూడా తప్పే. అతను అమ్మలేదు. బర్రెను వేరుగా కట్టేశాడు, కొన్ని నెలలకు అది చనిపోయింది. అప్పు కూలి చేసి తీర్చాడు. ఆ నష్టాన్ని తీర్చే దారి నేను చూపించలేకపోయాను. అందుకే, బర్రె మీ కొట్టంలోకి రాకముందే ఏం చేయాలన్నది ఈ వ్యాసంలో ఎక్కువగా చెప్పాను.

2009 చట్టం

పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణకు పార్లమెంటు 2009లో ఒక చట్టం చేసింది. అంతకుముందు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తీరు ఉండేది. ఇప్పుడు దేశమంతటికీ ఇదే చట్టం. దీని చివర జబ్బుల జాబితా ఒకటి ఉంది. గాలికుంటు, గొంతువాపు, దొమ్మ, బ్రుసెల్లోసిస్, లంపీ స్కిన్ లాంటి వాటితో పాటు ఆవుజాతి పశువుల టీబీ కూడా అందులో ఉంది. జాబితాలో ఉన్న జబ్బు ఏదైనా సరే, రైతుకు వర్తించే నియమాలు ఇవి.

మొదటిది, తెలియజేయడం. మీ పశువుకు ఇలాంటి జబ్బు సోకిందని నమ్మడానికి కారణం కనిపిస్తే గ్రామాధికారికి గానీ పంచాయతీకి గానీ చెప్పాలి. వాళ్లు దగ్గరలోని పశువైద్యుడికి రాతపూర్వకంగా తెలియజేస్తారు. మన ఊళ్లలో రైతు నేరుగా పశువైద్యశాలకే పోతాడు, అది ఇంకా మంచిది. ఇక్కడ ఒక మాట గమనించండి. చట్టం "పరీక్షలో తేలితే" అనలేదు, "నమ్మడానికి కారణం ఉంటే" అంది. పరీక్ష చేయించకుంటే మనకు తెలియనట్టే కదా, చేయించకుండా ఊరుకుంటే సరి అని కొందరు అనుకుంటారు. నెలల తరబడి దగ్గుతూ ఎముకలు తేలిన పశువును పెట్టుకుని నాకేమీ తెలియదంటే ఆ వాదన నిలవదు.

రెండోది, వేరు చేయడం. అనుమానం ఉన్న పశువును మిగతా వాటి నుంచి విడిగా కట్టాలి. ఒకే తొట్టిలో కుడితి పెట్టకూడదు, మందలో మేతకు తోలకూడదు. ఊరందరి పశువులు కలిసి తాగే చెరువుకు, తొట్టికి తీసుకుపోకూడదు. భూపాలపల్లి వైపు అడవి అంచు ఊళ్లలో నాలుగైదు ఊళ్ల మందలు ఒకే చోట మేసి ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి. అక్కడ ఈ నియమం పాటించడం కష్టమే. అయినా ఆ ఒక్క పశువుకు ఇంటి దగ్గరే మేత వేయక తప్పదు.

మూడోది, అంగడికి తోలకపోవడం. జబ్బు ఉందని తెలిసిన పశువును సంతకు, జాతరకు, ప్రదర్శనకు, పశువులు గుమిగూడే ఏ చోటుకూ తేకూడదని చట్టం స్పష్టంగా చెబుతోంది. తండా రైతు ప్రశ్నకు జవాబు ఇదే.

ఈ నియమాలను మీరితే, లేదా అధికారి పనికి అడ్డుపడితే 1,000 రూపాయల వరకు జరిమానా, అది కట్టకపోతే నెల వరకు జైలు. మళ్లీ చేస్తే జరిమానా 2,000. ఒక బర్రె ధర ముందు ఇది చిన్న మొత్తమే, నిజానికి చట్టానికి పళ్లు తక్కువ. అసలు భయపడాల్సింది జరిమానాకు కాదు. ఆ బర్రె ఇంకొకరి కొట్టానికి పోయి, వాళ్ల పిల్లలు దాని పాలు తాగుతారన్న సంగతికి.

కబురు అందాక పశువైద్యాధికారి మీ కొట్టానికి వచ్చి పశువును చూడవచ్చు, పరీక్షించవచ్చు, నమూనాలు తీసుకోవచ్చు. అడ్డుకోకండి. ఆ పరీక్ష వల్ల మీ మిగతా పశువులు బతుకుతాయి.

పరీక్ష ఎలా చేస్తారు

మనుషులకు చేసినట్టు కఫం పరీక్షో ఎక్స్‌రేనో పశువులకు మామూలుగా చేయరు. ట్యుబర్క్యులిన్ అనే ద్రవాన్ని మెడ మీద చర్మం మందంలోకి చాలా కొద్దిగా, 0.1 మిల్లీలీటరు ఎక్కిస్తారు. అంతకుముందు ఆ చోట వెంట్రుకలు కత్తిరించి, చర్మాన్ని మడిచి దాని మందం కొలిచి రాసుకుంటారు. సరిగ్గా 72 గంటలకు మళ్లీ వచ్చి అదే చోట కొలుస్తారు. మందం 4 మిల్లీమీటర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరిగినా, ఆ చోట నీరు చేరి మెత్తగా ఉబ్బినా టీబీ సోకినట్టు లెక్క. 2 మిల్లీమీటర్లలోపే పెరిగి, ఉబ్బు, నొప్పి లాంటివేమీ లేకపోతే లేనట్టు. మధ్యలో ఉంటే తేలనట్టు, అప్పుడు కనీసం 42 రోజులు ఆగి మళ్లీ చేయాలి. అంతకన్నా ముందు చేస్తే శరీరం సరిగ్గా స్పందించదు, ఫలితాన్ని నమ్మలేం. పక్షుల టీబీ ట్యుబర్క్యులిన్‌ను పక్కనే ఎక్కించి రెండు వాపులను పోల్చి చూసే పద్ధతి కూడా ఉంది. మట్టిలో, నీళ్లలో ఉండే వేరే సూక్ష్మజీవుల వల్ల వచ్చే తప్పుడు ఫలితాలు దీనితో తగ్గుతాయి.

ఈ మూడు రోజులూ సూది వేసిన చోట పసుపు రాయడం, కాపడం పెట్టడం, తాడుతో ఒరుసుకోనివ్వడం చేయకండి. వాపు చూసి భయపడి మందు పూసిన వాళ్లున్నారు.

పరీక్ష పొరబడే సందర్భాలూ ఉన్నాయి. ఈని నెలా నెలన్నర దాటని పశువులో, జబ్బు ముదిరి బాగా చిక్కిపోయిన పశువులో టీబీ ఉన్నా వాపు రాకపోవచ్చు. అందుకే ఈనిన తేదీని డాక్టరుకు దాచకుండా చెప్పండి. అంగడిలో దూడతో సహా అమ్మకానికి వచ్చే బర్రెలు ఎక్కువగా కొత్తగా ఈనినవే కాబట్టి ఈ మాట గుర్తు పెట్టుకోవాలి.

ట్యుబర్క్యులిన్ గాలికుంటు టీకాలాగా ఊరూరా తిరిగి వేసేది కాదు, చల్లగా నిల్వ చేయాల్సిన మందు. రేపు ఉదయం వచ్చి వేయండి అంటే కుదరకపోవచ్చు. ముందుగా మండల పశువైద్యశాలలో దరఖాస్తు రాసి ఇవ్వండి. నలుగురైదుగురు రైతులు కలిసి అడిగితే ఒకేసారి తెప్పించి చేయడం వాళ్లకూ తేలిక.

పరీక్ష ఎవరికి తప్పనిసరి

మన కొట్టాల్లో పశువులకు తప్పనిసరి కాదు గానీ, వీర్య కేంద్రాల్లో ఉండే ఆబోతులకు, దున్నలకు తప్పనిసరే. కేంద్ర పశుసంవర్ధక శాఖ నిర్దేశించిన ప్రమాణాల ప్రకారం వాటికి టీబీ, బ్రుసెల్లోసిస్, జోన్స్ వ్యాధి లాంటి వాటికి క్రమం తప్పకుండా పరీక్షలు చేస్తారు. జబ్బు తేలితే కేంద్రం నుంచి తొలగిస్తారు. కరీంనగర్ వీర్య కేంద్రం నుంచి గోపాలమిత్ర దగ్గరకు వచ్చే వీర్యానికి వెనక ఈ పరీక్ష ఉంది. ఊళ్లో తిరిగే దున్నపోతుకు అలాంటిదేమీ లేదు. కృత్రిమ గర్భధారణకే మొగ్గు చూపమని నేను చెప్పే కారణాల్లో ఇదొకటి.

మరి విదేశాల్లో ప్రతి పశువుకూ పరీక్ష చేస్తారు కదా అని చదువుకున్న కుర్రాళ్లు అడుగుతుంటారు. చేస్తారు. అమెరికా 1917లోనే దేశవ్యాప్తంగా పరీక్షించి, జబ్బు తేలిన పశువును చంపి, రైతుకు పరిహారం ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టింది. ఆస్ట్రేలియా అదే దారిలో పోయి 1997లో పశువుల టీబీ లేని దేశంగా ప్రకటించుకుంది. ఆ పద్ధతి నిలబడేది పరిహారం మీద. పశువుల సంఖ్య ఇంతగా ఉండి, ఒకటి రెండు పశువుల మీదే ఇల్లు గడిచే చోట అది తేలిక కాదు. పైగా ఆవును కోయడాన్ని నిషేధించే 1977 నాటి చట్టం మన రాష్ట్రంలో అమల్లో ఉంది. జబ్బు వ్యాపించకుండా ఆపడానికి అవసరమని పశువైద్యుడు రాసి ధ్రువీకరిస్తే, బాధ లేకుండా పశువు ప్రాణం తీసే వీలు 2009 చట్టంలో ఉంది. అది అధికారులు చేయాల్సిన పని, రైతు సొంతంగా చేసేది కాదు.

జబ్బు తక్కువేమీ లేదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టి 2018లో ప్రచురించిన ఒక విశ్లేషణ, ఆవులు, బర్రెల్లో సుమారు 7.3 శాతానికి ఈ జబ్బు ఉండవచ్చని అంచనా వేసింది. అంటే నూటికి ఏడు. గాలి ఆడని షెడ్లలో దగ్గర దగ్గరగా కట్టేసే చోట ఎక్కువగా వ్యాపిస్తుంది. ఆరుబయట మేసే పశువుల్లో తక్కువ. జనగామ ప్రాంతంలో పది, ఇరవై బర్రెలతో షెడ్డు వేసిన వాళ్లు రెండు వైపులా గాలి పారేలా కట్టుకోవడం ఇందుకే ముఖ్యం.

కొనేటప్పుడు

చట్టం తప్పనిసరి చేయకపోయినా, రైతు చేతిలో పట్టు ఉండేది డబ్బు ఇంకా జేబులో ఉన్నప్పుడే. చిక్కేమిటంటే అంగడిలో బేరం గంటలో తేలిపోతుంది, పరీక్షకు మూడు రోజులు కావాలి. కాబట్టి వీలైతే అంగడిలో కాకుండా అమ్మే రైతు ఇంటి దగ్గరే కొనండి. కొట్టం చూడండి, మిగతా పశువులు చూడండి. ఈ రెండేళ్లలో చిక్కి చచ్చిన పశువు ఉందా అని అమ్మేవాణ్ణి కాదు, పక్కింటివాళ్లను అడగండి. ఆ ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడారా అనీ కనుక్కోండి. మనిషి నుంచి పశువుకూ ఈ జబ్బు రావచ్చు.

చెవికి 12 అంకెల ట్యాగ్ ఉందో లేదో చూడండి. ఆ నంబరు మీద వేసిన టీకాల వివరాలు పశువైద్యశాలలో కంప్యూటర్‌లో తెలుస్తాయి. టీబీ సంగతి అందులో తెలియదు గానీ, మీరు కొన్నది ఏ పశువన్నది రేపు రుజువు చేయడానికి ఆ నంబరే ఆధారం.

బయానా ఇచ్చి, పశువు అమ్మేవాడి దగ్గరే ఉండగా పరీక్ష చేయించి, ఫలితం వచ్చాక మిగతా డబ్బు ఇవ్వడం అన్నిటికన్నా మంచి పద్ధతి. తెల్లకాగితం మీద ఇద్దరు సాక్షులతో ఈ నాలుగు ముక్కలు రాయించుకోండి: "ఈ ట్యాగ్ నంబరు గల బర్రెకు నాకు తెలిసినంతవరకు ఏ అంటువ్యాధీ లేదు. ఇంత బయానా తీసుకున్నాను. టీబీ పరీక్షలో జబ్బు తేలితే బయానా మొత్తం తిరిగి ఇస్తాను." తెలిసిన లోపాన్ని కప్పిపెట్టి అమ్మడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసం కిందికి వస్తుంది, అలాంటి బేరాన్ని కొన్నవాడు రద్దు చేయించవచ్చు. కానీ అమ్మినవాడికి ముందే తెలుసని రుజువు చేయాల్సింది మీరే. కాగితం లేకుండా ఆ పని దాదాపు జరగదు. సంతకం పెట్టనంటే ఆ బర్రెను వదిలేయండి, ఇంకో బర్రె దొరుకుతుంది.

ఆంధ్ర వైపు నుంచో హర్యానా నుంచో లారీలో తెప్పించుకునే వాళ్లకు ఇంకో నియమం ఉంది. 1978 నాటి పశువుల రవాణా నియమాల ప్రకారం, పశువులు ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాయని, అంటువ్యాధులు లేవని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలి. అది లేకపోతే రవాణాదారు ఎక్కించుకోకూడదు. అయితే ఆ పత్రం కంటితో చూసి ఇచ్చేదే కావచ్చు, దాన్ని టీబీ పరీక్ష ఫలితమని భ్రమపడకండి.

ఎక్కడ కొన్నా సరే, కొత్త పశువును నెల రోజులు పాత వాటికి దూరంగా కట్టండి. పాలు పితికేటప్పుడు దాన్ని చివర్లో పితకండి.

బీమా గురించి ఒక్క మాట. పాలసీ తీసుకునేటప్పుడే ఏ జబ్బులకు వర్తిస్తుందో, ముందునుంచి ఉన్న జబ్బుకు వర్తిస్తుందో లేదో చదివించుకుని సంతకం పెట్టండి. ట్యాగ్ ఊడిపోతే ఆ రోజే చెప్పి కొత్తది వేయించుకోండి.

టీబీ తేలితే

పశువుకు మందులు వాడి నయం చేయాలని చూడకండి. నెలల తరబడి వాడాలి, ఖర్చు మోయలేరు. మందు పాలలోకి వస్తుంది, సూక్ష్మజీవి మందులకు లొంగకుండా తయారవుతుంది. ఆ పశువు పాలు అమ్మకూడదు, కేంద్రానికి పోయకూడదు. దూడకు కూడా దాని పాలు తాగించకండి, ఆరోగ్యంగా ఉన్న పశువు పాలు కాచి చల్లార్చి పట్టండి. మిగతా పశువులన్నిటికీ పరీక్ష చేయించండి. పేడను వేరుగా గుంటలో వేసి మట్టి కప్పండి, తొట్టిని కడిగి ఎండనివ్వండి. పశువు చనిపోతే లోతుగా పూడ్చాలి. వాగులోనో చెరువులోనో వేయడం అదే చట్టం కింద వేరే నేరం, దానికి శిక్ష కూడా ఎక్కువ.

ఇంట్లో వాళ్ల సంగతి పశువుకన్నా ముందు చూడాలి. పాలను పొంగు వచ్చేదాకా కాస్తే ఈ సూక్ష్మజీవి చచ్చిపోతుంది. ప్రమాదం పచ్చిపాలతోనే. పొదుగు దగ్గరే పిల్లలకు గుమ్మపాలు తాగించే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది, బలమని పెద్దవాళ్లే తాగిస్తారు. పిల్లల మెడకు బిళ్లలు కట్టి తగ్గకపోయినా, ఎవరికైనా రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నా ఆశా కార్యకర్తకు చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పరీక్ష, మందులు ఉచితం. చికిత్స నడిచినన్నాళ్లూ పోషకాహారానికి నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తారు. డాక్టరుకు ఒక విషయం తప్పక చెప్పండి: "మా ఇంట్లో పశువుకు టీబీ తేలింది, పచ్చిపాలు తాగాం" అని. పశువుల టీబీ సూక్ష్మజీవి మనుషులకు మామూలుగా ఇచ్చే మందుల్లో ఒకటైన పైరజినమైడ్‌కు పుట్టుకతోనే లొంగదు. మీరు చెబితేనే డాక్టరు ఆ దిశగా ఆలోచిస్తారు.

అలాగే ఇంట్లో ఎవరైనా టీబీ మందులు వాడుతుంటే, డాక్టరు సరే అనేదాకా వాళ్లు పాలు పితకడం, కొట్టంలో పడుకోవడం మానాలి. కొట్టంలో ఉమ్మకూడదు.

టీబీకి, బ్రుసెల్లోసిస్‌కు తేడా తెలియక కొందరు "మా దూడకు టీకా వేశారు కదా" అంటుంటారు. 4 నుంచి 8 నెలల ఆడదూడలకు జీవితంలో ఒక్కసారి ఉచితంగా వేసేది బ్రుసెల్లోసిస్ టీకా, ఈసుకుపోయే జబ్బు రాకుండా. అది తప్పక వేయించండి. టీబీకి పశువులకు వేసే టీకా కార్యక్రమం మన దగ్గర లేదు.

దగ్గుతున్న, చిక్కిపోతున్న పశువు ఇప్పుడు మీ కొట్టంలో ఉంటే దాన్ని ఈ రోజే విడిగా కట్టండి. రేపు ఉదయం మండల పశువైద్యశాలకు వెళ్లండి, పోలేకపోతే 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్యశాల వాహనం ఊరికే వస్తుంది. ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు ఈనింది, ఎన్నాళ్లుగా దగ్గుతోంది, ట్యాగ్ నంబరు ఎంత అన్నవి ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే డాక్టరు పని సగం తేలికవుతుంది.